ఎర్రబోడు గ్రామసభ సీడీ

కొల్లాపూర్,
19 ఆగస్టు 2015

మామా, దండం.

ప్రతి ఉత్తరంలో ముందు తిన్నవా, మంచిగున్నవా అని అడుగుతావు కదా. తిన్నాను. మంచిగా లేను. కోపంతో ఒళ్లు మండుతోంది. నీకు కాక ఎవరికి రాయాలో తెలియక రాస్తున్నాను.

జూలై రెండున మా ఎర్రబోడులో గ్రామసభ పెట్టారు. ఊరి వెనక అరవై రెండెకరాల బంచరాయి ఉంది కదా, మనోళ్ల గొర్లూ మేకలూ మేసే జాగా. దాన్ని ఎవరో కంపెనీకి గోదాముల కోసం ఇస్తామని సర్పంచ్ చదివాడు. ఒక్కరూ ఒప్పుకోలేదు. అమ్మ లేచి నిలబడి మాట్లాడింది. నలభై మందికి పైగా చేతులెత్తి వద్దన్నారు. ఆ రోజు అమ్మను దవాఖానకు తీసుకుపోదామని ఊరికి వెళ్లి, అక్కడ చిక్కుకుపోయి, సభ మొత్తం ఫోన్‌లో వీడియో తీశాను. యాభై ఒక్క నిమిషాలు.

పది రోజులకు తీర్మానం నకలు చేతికొచ్చింది. "గ్రామస్తులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు" అని రాశారు మామా! కింద అమ్మ వేలిముద్ర. హాజరు పట్టీ అని చెప్పి వేయించుకున్న వేలిముద్ర.

ఈ ఏడు వానలు లేక బాపు గొర్లతో నది ఒడ్డుకు పోయాడు, ఇంకా రాలేదు. ఊళ్లో వాళ్లు ఒక్క మాటన్నారు: "కంప్యూటర్ తెలిసిన పిల్లవు, నువ్వే చూడు." అర్జీ రాసి, వీడియోను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మహబూబ్‌నగర్ పోయాను. కచేరీలో గుమాస్తా దాన్ని చచ్చిన ఎలుకను చూసినట్టు చూశాడు.

"పెన్‌డ్రైవ్ నడవదమ్మా. వైరస్ ఉంటది. సీడీ మీద ఎక్కించి మూడు కాపీలు తేవాలె. ఎవరి మిషన్ మీద ఎక్కిస్తే వాళ్లే సర్టిఫికెట్ రాసి సంతకం పెట్టాలె."

"ఫోన్‌ల ఉన్నది సార్, ఇప్పుడే చూపిస్త."

"మేం ఫోన్లు చూసుకుంట కూసుంటే కచేరీ ఎవరు నడుపుతరు?"

ఈ కాలంలో సీడీ! సెప్టెంబర్ పదిహేనున విచారణ. ఆ లోపల ఇవ్వకపోతే అర్జీ కొట్టేస్తారట.

ఇక్కడ ఫోటో స్టూడియో మల్లేష్‌ను అడిగాను. "అక్కా, ఎక్కించుడు అల్కనే, చిటికెల పని. సంతకం నాతోని కాదు. వచ్చే నెల సర్పంచ్ ఇంట్ల పెండ్లి వీడియో నాదే" అన్నాడు. అంత సూటిగా చెప్పినందుకు తిట్టలేకపోయాను కూడా.

సరే, నా జిరాక్స్ దుకాణంలో నువ్వు అమర్చి ఇచ్చిన కంప్యూటర్ డబ్బా ఉండనే ఉంది, దానికి సీడీ రాసే డ్రైవు కూడా ఉంది అనుకున్నాను. నాలుగేళ్లలో దాన్ని ఒక్కసారీ ముట్టలేదు. ఖాళీ సీడీ పెట్టి నొక్కితే "పర్మిషన్ డినైడ్" అంటుంది. నా దుకాణం, నా బల్ల, నా డబ్బా. నన్నే ఎవరు నువ్వంటుంది! కాలేజీలో కంప్యూటర్లు చూసే త్రివేణిని పిలిచి చూపించాను. "గీ లినక్స్ పీకి పారెయ్, లేకుంటే అన్ని తాళాలు తీసి అందరికి తెరిచి పెట్టు" అని చెప్పి టీ తాగి పోయింది.

నువ్వే ఏదో ఒకటి చెప్పాలి. తొందరగా చెప్పాలి.

కోపంలో ఉన్న నీ మేనకోడలు,
శైలజ


మేళ్లచెరువు,
24 ఆగస్టు 2015

బిడ్డా శైలూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మా అక్క వేలిముద్రతో ఆడుకున్నారా! పక్కింటి నాగరాణి "ఫోన్ చేసి మాట్లాడరాదే పెద్దనాయినా" అంటుంది. టైఫాయిడ్‌తో చెవులు పోయి ఐదేళ్లయిందని ఆమెకు రోజూ గుర్తు చేయాలి. మెసేజీలు పెట్టమంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసే పాపం నేను చేయను. నెట్టు నా ఉద్యోగంతోనే పోయింది. కాగితం, కలం ఉన్నాయి. చాలు.

ఆ త్రివేణి ఎవరో గాని, ఆమెను నీ డబ్బా దగ్గరికి రానివ్వకు. తలుపు తెరుచుకోకపోతే గోడ కూలగొట్టుకుంటామా? అందరికీ తెరిచి పెట్టినా అది మిషన్ మళ్లీ పెట్టేదాకే. మళ్లీ పెట్టగానే పాత తాళమే పడుతుంది. ఇరవై రెండేళ్లు ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో ఇటువంటి సలహాలు ఇచ్చేవాళ్లతోనే వేగాను.

బంచరాయి విషయంలో నీ ఆవేశం నాకు అర్థమవుతుంది. కానీ ఆవేశంతో పని జరగదు.

ఒక్క సంగతి ముందు ఒప్పుకో. నీకు దాని మీద హక్కు లేదు. నీ పేరు ఆ గుంపులో లేదు. నువ్వు ఎంత అరిచినా, లేని హక్కు రాదు. గుంపులో ఉన్నవాళ్లకే అది మాట వింటుంది, బయటివాళ్లకు వినదు. ఇది న్యాయమే. దీని మీద కోపం తెచ్చుకోకు.

(కాగితం వెనక వైపు చూడు.)

ఆ మిషన్‌లో ప్రతి సామానుకూ ఒక యజమాని, ఒక గుంపు ఉంటాయి. మంద లెక్క అనుకో. ఏ మందలో ఉన్న గొర్రెకు ఆ మంద మేతే. నీ పేరును సీడీ డ్రైవు గుంపులో చేర్చాలి. ఆజ్ఞలు కొట్టే నల్ల తెర తెరిచి ఈ లైను ఉన్నదున్నట్టు కొట్టు:

sudo usermod -G disk shailaja

తరవాత మిషన్ ఒకసారి ఆపి పెట్టు. అంతే.

అక్కకు నా దండం చెప్పు. మోకాళ్లు ఎట్లున్నాయో రాయి.

మీ మామ,
పరశురాములు


కొల్లాపూర్,
29 ఆగస్టు 2015

మామా,

నీ నుంచి ఆ మాట వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు పొద్దున్నే ఎర్రబోడు పోయి వచ్చాను. సర్పంచ్ బామ్మర్ది నడి బజార్లో నన్ను ఆపి, పదిమంది వింటుండగా అన్నాడు: "పెండ్లయి కొల్లాపూర్ పోయినదానివి. నీకు మా ఊరి జాగ మీద హక్కేంది?" జవాబు చెప్పి వచ్చాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను, అమ్మ ఈ ఉత్తరం చదివించుకున్నా చదివించుకుంటుంది. దుకాణానికి వచ్చి నీ కవరు చింపితే నువ్వూ అదే మాట! "నీకు దాని మీద హక్కు లేదు. నీ పేరు ఆ గుంపులో లేదు. ఇది న్యాయమే." నేను పుట్టిన ఊరు మామా. ఆ బంచరాయిలో నేను గొర్రెపిల్లల్ని కాసిన పిల్లను. నువ్వు మా అమ్మ తమ్ముడివి కాకపోతే ఆ కాగితం పొయ్యిలో పెట్టేదాన్ని.

అయినా వెనక వైపు రాసింది చేశాను, ఎందుకంటే పదిహేనో తారీఖు నా కోపం కోసం ఆగదు. నువ్వు రాసిన లైను అక్షరం పొల్లుపోకుండా కొట్టాను. మిషన్ ఆపి పెట్టాను. ఏమైందో విను.

సీడీ ఇంకా డినైడ్ అనే అంటుంది. అది పోనీ. స్కానర్ పనిచేయడం మానేసింది. పాటలూ మాటలూ వినిపించడం లేదు, స్పీకర్ చచ్చిపోయింది. కులం సర్టిఫికెట్లు స్కాన్ చేయించుకుందామని వచ్చిన పదకొండు మంది పిల్లలు ఎండలో నిలబడి నిలబడి ఎదుటి దుకాణానికి పోయారు. నీ లైనే ఇంకోసారి కొడదామని చూస్తే ఇంగ్లీషులో ఏం వచ్చిందో తెలుసా? "శైలజకు ఈ అధికారం లేదు. ఈ సంఘటన గురించి పైకి తెలియజేయబడుతుంది."

పైకి అంటే ఎవరికి? నీకా? మేళ్లచెరువులో కూర్చుని నా మీద నిఘా పెట్టావా? నా దుకాణంలో నేను బొత్తాలు నొక్కితే నా మీదే ఫిర్యాదా? గుమాస్తా అయితే పరాయివాడు. సర్పంచ్ అయితే శత్రువు. నువ్వేమిటి?

అమ్మకు నీ దండం చెప్పలేదు. మోకాళ్లు నొప్పిగానే ఉన్నాయి.

శైలజ


మేళ్లచెరువు,
2 సెప్టెంబర్ 2015

శైలజకు,

బిడ్డా అని రాయబోయి ఆగాను. నువ్వు కిందటి ఉత్తరంలో చుట్టరికం రాయకుండా ఉత్త పేరు పెట్టి ముగించావు. బాగా అర్థమైంది.

నా మాట కూడా విను. నేను "హక్కు లేదు" అన్నది సీడీ డ్రైవు మీద! బంచరాయి మీద కాదు! కాగితం ముందు వైపు చివర మొదలుపెట్టిన సంగతి వెనక వైపుకు సాగింది, అంతే. నిన్ను ఆ జాగా మీద హక్కు లేనిదానివంటానా? మా అక్కకు పురుడొచ్చిన రోజు ఎర్రబోడుకు నీళ్ల బండి తోలుకొచ్చినవాణ్ణి నేను. నిన్ను మొదట ఎత్తుకున్న మగవాణ్ణి నేను. సర్పంచ్ బామ్మర్దితో నన్ను ఒక గాటన కట్టావు. రెండు పూటలు అన్నం సయించలేదు. నాగరాణి దవాఖానకు రమ్మంది. ఇది దవాఖానతో పోయే జబ్బు కాదన్నాను.

నిఘా మాట. ఆ బెదిరింపు మిషన్ అందరికీ ఒకేలా ఇస్తుంది. ఎక్కడికీ పోదు. మిషన్ లోపలే ఒక పుస్తకంలో రాసుకుంటుంది, దాన్ని ఎవరూ చదవరు. ఆ బెదిరింపు రాసినవాడెవడో గాని కచేరీలో పనిచేసి ఉంటాడు.

ఇప్పుడు తప్పు ఎవరిదో చెబుతాను. నాది. నీ ఉత్తరం చదివి, నా నోట్‌బుక్ తీసి చూసుకుని తల పట్టుకున్నాను. ఆ లైనులో ఒక చిన్న a వదిలేశాను. a ఉంటే "ఉన్న గుంపులకు తోడు దీన్నీ చేర్చు" అని అర్థం. లేకపోతే "ఉన్నవన్నీ తీసేసి దీంట్లోనే పెట్టు" అని అర్థం. స్కానర్ గుంపు, స్పీకర్ గుంపు, అన్నింటికన్నా పెద్ద అధికారం ఇచ్చే గుంపు, అన్నింటిలోంచీ నీ పేరు పోయింది. ఒక్క అక్షరం! పైగా గుంపు పేరు కూడా తప్పు రాశాను. disk అన్నది పాత ఫ్యాక్టరీ మిషన్లలో పద్ధతి. నీ దాంట్లో cdrom. ఎవరినీ ఆ disk గుంపులో పెట్టకూడదు, మొత్తం సరుకు తుడిచిపెట్టే చోటు అది. పనిలో ఉన్న రోజుల్లో నా కింద వాళ్లు ఈ తప్పు చేసి ఉంటే గది బయట నిలబెట్టేవాణ్ణి. చెవులు పోయాయనుకున్నాను, తలకాయ కూడా పోతోంది.

సరిదిద్దే దారి ఉంది. ఆ మిషన్‌లో మొదటి ఖాతా నాది. దానికి పెద్ద అధికారం ఇంకా ఉంది. నా పేరుతో లోపలికి పో. తాళం మాట ఉత్తరంలో రాయకూడదని ఇరవై రెండేళ్లు అందరికీ పాఠం చెప్పినవాణ్ణి. ఇప్పుడు నేనే రాస్తున్నాను: మీ అత్త పేరు, ఇంగ్లీషులో అన్నీ చిన్నక్షరాలు, దాని వెంటనే ఆమె పోయిన సంవత్సరం. మధ్యలో ఖాళీ లేదు.

లోపలికి పోయాక ఇది కొట్టు. a ఉందో లేదో రెండుసార్లు చూసుకో:

sudo usermod -aG cdrom shailaja

పోయిన మిగతా గుంపుల్లో చేర్చే లైన్లు, disk లోంచి నీ పేరు తీసే లైను వేరే కాగితం మీద పెద్దక్షరాలతో రాసి పెట్టాను. అన్నీ అయ్యాక ఒకసారి బయటికి పోయి మళ్లీ లోపలికి రా. అప్పుడు గాని మార్పు కనిపించదు.

అక్కకు దండం ఈసారైనా చెప్పు.

పరశురాములు


కొల్లాపూర్,
8 సెప్టెంబర్ 2015

మామా,

ముందు క్షమించు. తరవాత మళ్లీ తిడతాను.

అత్త పేరు కొట్టి, సంవత్సరం కొట్టేటప్పుడు చేతులు ఆగాయి. పుష్పమ్మ అత్త పోయినప్పుడు నువ్వు ఏడవలేదని ఇంట్లో వాళ్లంతా అనుకున్నాం. నేను కూడా అనుకున్నాను. రోజుకు ఎన్నిసార్లు ఆ మాట కొట్టేవాడివో అప్పుడు తెలియదు. దుకాణంలోకి ఎవరో వచ్చి "అక్కా, జిరాక్స్" అంటే కళ్లు తుడుచుకుని లేచాను. బామ్మర్దితో నిన్ను పోల్చినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. అమ్మకు నీ దండం చెప్పాను. "వాడు నాకెందుకు దండం పెడ్తడు, వచ్చి కనపడుమను" అంది.

ఇప్పుడు తిట్లు. లైన్లన్నీ కొట్టాను. a రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చూసుకున్నాను. ఆ తరవాత నువ్వు రాసినట్టే బయటికి పోయాను. బజారు మూల దాకా పోయి టీ తాగి లోపలికి వచ్చాను. డినైడ్! ఒకవేళ ఎక్కువసేపు బయట ఉండాలేమోనని మళ్లీ పోయి, కూరగాయలు కొనుక్కుని, ఇంటి దగ్గర సంచి పెట్టి వచ్చాను. డినైడ్! నా కోపం చూసి నన్ను చల్లబరచడానికి బయటికి పొమ్మన్నావేమో, ఇది కూడా ఒక బుద్ధి చెప్పడమేమో అనుకున్నాను. రెండు రోజులు అట్లాగే గడిచాయి మామా. నిన్న మా ఆయన గిరి బస్సు డ్యూటీ దిగి వచ్చి, "బస్సు స్టార్ట్ కాకుంటే మేము దిగి ఎక్కుతమా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఈ రోజు పదకొండింటికి కరెంటు పోయింది. గంటన్నర. వచ్చాక మిషన్ తనంతట తాను లేచింది. పేరు అడిగింది. నా పేరు కొట్టాను. స్పీకర్ మోగింది. స్కానర్ వెలిగింది. అలవాటుగా తిట్టుకుంటూ సీడీ పెట్టి నొక్కితే, పచ్చ దీపం మినుకు మినుకుమంటూ రాయడం మొదలుపెట్టింది! అప్పుడు గాని బుర్రకెక్కలేదు. "బయటికి పోయి లోపలికి రా" అంటే నేను కాదు, నా ఖాతా! లాగౌట్ అయి లాగిన్ కమ్మని! ఆ రెండు మాటలూ నీకు తెలుగు అక్షరాల్లో రాయడానికి ఏమైంది? నీ ఇంగ్లీషు అక్షరాల పాపం ఇదా? కొల్లాపూర్ కరెంటు వాళ్లు కరెంటు తీయకపోతే పదిహేను దాకా కూరగాయలు కొంటూనే ఉండేదాన్ని.

మూడు సీడీలు రాశాను. మూడింటినీ మొదటి నుంచి చివరి దాకా వేసి చూశాను. సర్టిఫికెట్ కూడా రాసి సంతకం పెట్టాను: వీడియో నా ఫోన్‌తో నేనే తీశాను, నా మిషన్ మీద నేనే ఎక్కించాను, ఒక్క ముక్కా కోయలేదు.

నీ కోడలు,
శైలజ


మేళ్లచెరువు,
11 సెప్టెంబర్ 2015

బిడ్డా,

నీ టీ సంగతి చదివి పడీ పడీ నవ్వాను. నాగరాణి భయపడి పరిగెత్తుకొచ్చింది. ఇరవై రెండేళ్లు ఆ మాట అట్లాగే అన్నాను, ఒక్కడూ గేటు దాటి పోలేదు. నీ అంత మాట వినేవాళ్లు ఫ్యాక్టరీలో లేరు.

మీ అత్త సంగతి నువ్వు రాసింది చదివాను. దాని గురించి ఇంకేం రాయను.

కచేరీ గురించి మాత్రం రాస్తాను. ఇంకో కాపీ చెయ్యి, నాలుగోది. నీ దగ్గర ఉంచుకో. ఇచ్చిన మూడింటికీ ముద్ర వేయించుకుని రసీదు తీసుకో. "పెట్టి పో, చూస్తం" అంటే పెట్టి రాకు. పెట్టి వచ్చినవి చూసిన కచేరీ నా ఎరుకలో లేదు. వాళ్లు కుర్చీ చూపకపోతే నిలబడే మాట్లాడు, కానీ గొంతు తగ్గించకు. నేను రాను. వినపడని మనిషి విచారణకు వచ్చి చేసేదేముంది, అందరి మూతులు చూడడం తప్ప.

అక్కను తీసుకుపో.

మామ,
పరశురాములు


కొల్లాపూర్,
18 సెప్టెంబర్ 2015

మామా,

మూడు రోజులైనా వేడి దిగలేదు. అందుకే వరసగా చెబుతాను.

అమ్మ, నేను, ఊరి నుంచి ఇంకా పద్నాలుగు మంది తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకుని పదింటికి కచేరీకి చేరాం. మా పేరు పిలిచేసరికి పన్నెండున్నర. సర్పంచ్, బామ్మర్ది, కంపెనీ తరఫున ఒక వకీలు. వాళ్లకు కుర్చీలు. మేం నిలబడ్డాం.

సీడీలు, సర్టిఫికెట్ ఇచ్చాను. విచారణ చేసే అధికారి తన మిషన్ చుట్టూ చేత్తో తడిమి చూశాడు. కుడి వైపు చూశాడు. ఎడమ వైపు చూశాడు. గుమాస్తాను పిలిచాడు. వాళ్లిద్దరూ కలిసి చూశారు. మామా, ఆ మిషన్‌కు సీడీ పెట్టే చోటే లేదు! కొత్త రకం, సన్నగా తెర ఒక్కటే ఉంది. మా ప్రాణాలు తీసి సీడీ కావాలన్నారు, సీడీ వేసుకునేందుకు ఆ గది మొత్తంలో దిక్కు లేదు!

"వచ్చే వాయిదాకు పెన్‌డ్రైవ్‌ల తీసుకరాండ్రి" అన్నాడు గుమాస్తా. పెన్‌డ్రైవ్ వద్దన్నది కూడా అదే నోరు.

అప్పుడు నాకు ఏమైందో తెలియదు. "నెల కింద పెన్‌డ్రైవ్ తెస్తే పురుగును చూసినట్టు చూసింది మీరే కదా? వైరస్ ఎటుపోయింది సార్ ఇప్పుడు? మీ మిషన్‌కు నోరు లేదని మాకు ముందు చెప్పొద్దా?" అని అందరి ముందే అడిగాను. గుమాస్తా ముఖం ఎర్రబడింది. అమ్మ వెళ్లి గడప మీద కూర్చుంది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చుని, "ఇది చూసినంక లేస్త" అంది. పద్నాలుగు మందీ ఆమె వెనక కూర్చున్నారు. లోపలికి వచ్చేవాళ్లకు, బయటికి పోయేవాళ్లకు దారి లేదు.

కురుమయ్య అని అక్కడి అటెండరు, పెద్ద మనిషి, మెల్లగా అన్నాడు: "రికార్డు రూంల పాత డబ్బా ఒకటున్నది సార్. దానికి సీడీ పెట్టె తెరుచుకుంటది." ఇద్దరు మోసుకొచ్చారు. పెట్టె తెరుచుకోలేదు. నేను గుండు పిన్ను అడిగి, సన్నని రంధ్రంలో గుచ్చి బయటికి లాగాను. సీడీ పెట్టాను. మోగింది.

వకీలు లేచాడు. "సార్, ఈమె ఎర్రబోడు మనిషి కాదు. పెండ్లయి కొల్లాపూర్‌ల ఉంటది. ఈమె సర్టిఫికెట్ చెల్లదు."

అధికారి కాగితం మీంచి తల ఎత్తలేదు. "సంతకం పెట్టేటందుకు ఆ ఊర్లనే ఉండాల్నని ఎక్కడున్నది? ఏమ్మా, మిషన్ నీదేనా?"

"నాదే సార్."

"ఎక్కించింది నువ్వేనా? ఎట్ల ఎక్కించినవో చెప్పు."

చెప్పాను. ఫోన్ నుంచి మిషన్‌లోకి, మిషన్ నుంచి సీడీ మీదికి, ఎన్ని నిమిషాలు పట్టింది, ఎందుకు మూడు వారాలు ఆలస్యమైంది, అన్నీ. ఎవరు నేర్పారని అడిగాడు. "మా మేనమామ సార్, ఉత్తరాలల్ల" అంటే గదిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

యాభై ఒక్క నిమిషాలూ చూశాడు మామా. సర్పంచ్ పది నిమిషాలకే ఫోన్ వచ్చినట్టు లేచి బయటికి పోబోయాడు. గడప మీద అమ్మ ఉంది. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. వీడియో అయిపోయాక అధికారి తీర్మానం పుస్తకం తెరిచి, "ఏకగ్రీవం అని రాసింది ఎవరు?" అని ఒక్కటే అడిగాడు. సర్పంచ్ బామ్మర్ది వైపు చూశాడు, బామ్మర్ది వకీలు వైపు చూశాడు. తీర్పు తరవాత పంపుతామన్నారు. మూడు సీడీలకూ ముద్ర వేయించుకుని రసీదు తీసుకున్నాను.

నాలుగో సీడీ ఈ కవర్లోనే పెడుతున్నాను, అట్టముక్కల మధ్య. నువ్వు చూడాలి. నీ మిషన్ నిన్ను అడ్డుకోదనుకుంటాను.

నీ కోడలు,
శైలజ


మేళ్లచెరువు,
4 అక్టోబర్ 2015

బిడ్డా శైలూ,

సీడీ పగలకుండా వచ్చింది. చూశాను. ఒకసారి కాదు.

గుమాస్తా సంగతి చదివి కోపం పట్టలేక ఆయన పేరు మీద ఒక ఉత్తరం రాసి, చింపేశాను. సీడీ కావాలన్నవాడు సీడీ పెట్టే చోటు ఉందో లేదో చూసుకోడా! సరే, అది పోనీ.

నాకు ఇంకో బాధ ఉంది. ఇరవై మూడో నిమిషంలో అక్క లేస్తుంది. కొంగు నడుముకు చుట్టుకుంటుంది. మాట్లాడుతుంది, మాట్లాడుతూనే ఉంటుంది. సర్పంచ్ కూర్చోమని చెయ్యి ఊపుతాడు. ఆమె కూర్చోదు. వెనక ఆడవాళ్లు ఒక్కొక్కరే కొంగు నోటి దగ్గర నుంచి తీసేస్తారు. ఒక ముసలాయన తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకుంటాడు. అక్క అంతసేపు మాట్లాడడం నా జన్మలో చూడలేదు. మా నాయిన ముందు గాని, మీ బాపు ముందు గాని నాలుగు మాటలకు మించి అనేది కాదు. ఆ మూడు నిమిషాలు పదిసార్లు వేసి ఆమె పెదవులే చూశాను. ఒక్క మాటా అందలేదు. స్పీకర్ మీద అరచెయ్యి పెట్టి చూశాను. అదురు తెలుస్తుంది, మాట తెలియదు. నాగరాణిని చెప్పమంటే ఆమె వింటూ ఏడుస్తుంది గాని రాసి ఇవ్వదు.

ఐదేళ్లలో చెవులు పోయినందుకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

అక్క ఏమందో రాయి. కుదించకు. బాగు చేయకు. అన్నదున్నట్టు రాయి.

మామ


కొల్లాపూర్,
10 అక్టోబర్ 2015

మామా,

నిన్న తీర్పు వచ్చింది. జూలై తీర్మానం చెల్లదని రాశారు. బంచరాయి ఎవరికీ ఇవ్వకూడదు, కావాలంటే పై అధికారి ముందు గ్రామసభ మళ్లీ పెట్టాలట. తప్పు రాసినవాళ్లను ఏమంటారని చూశాను. ఒక్క ముక్క లేదు. వేలిముద్ర మోసం గురించి ఒక్క ముక్క లేదు. దాని మీద ఇంకో అర్జీ రాస్తున్నాను. బాపు గొర్లను తోలుకుని వచ్చాడు. అవి బంచరాయిలోనే ఉన్నాయి.

నువ్వు అడిగింది కింద రాస్తున్నాను. వీడియో ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, మాట మాట రాశాను. రాసింది అమ్మకు చదివి వినిపించాను. "అట్లనే అన్న" అంది. ఆ రోజు సర్పంచ్ "ఊరికి పనికిరాని ఖాళీ జాగా" అన్నాడు. దాని మీద లేచింది.

"ఖాళీ జాగా అంటివి. ఖాళీ ఎట్లయితది సర్పంచూ? నీ కండ్లకు మనిషి కనపడకుంటే ఖాళీయేనా? వానకాలం నాలుగు నెలలు మా జీవాలు యాడ మేస్తయి? నీ వాకిట్ల మేస్తయా? నేను ఈ ఊరికి కోడలుగ వచ్చిన్నాడు మా అత్త నాకు ఇల్లు చూపెట్టలే. చెయ్యి పట్టుకొని తీస్కపోయి ఈ బంచరాయి చూపెట్టింది. గోపమ్మా, ఇది నాది కాదు, నీది కాదు, జీవాలది, మనకు మేపుకునేటందుకే ఉన్నది, ఇచ్చేటందుకు లేదు అన్నది. నలభై రెండేండ్లు మేపుకున్న. ఒక్క రాయి తీసి ఇంటికి తెచ్చుకోలే. ఇచ్చే అధికారం నాకే లేదు. నీకెవరిచ్చిన్రు? కూసో కూసో అంటున్నవు, కూసుంట. మోకాళ్లు నొస్తున్నయి, ఎట్లనన్న కూసుంట. ముందు నువ్వు రాసుకో. గోపమ్మ ఒద్దన్నది అని రాసుకో. నాకు చదువు రాదని తప్పు రాస్తే మల్ల లేస్త."

నీ కోడలు,
శైలజ